వెంట్రుకవాసి

నేను తాళంచెవులు కోస్తాను.
మోంటెవిడియోలో, మార్కెట్ వెనక సందులో, ముప్ఫై రెండేళ్ళుగా.
పన్ను వెంట్రుకవాసి తేడా వస్తే
సొంత తలుపు కూడా మొహం చూసి తెరుచుకోదు.
కొలత గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు.

పొద్దున్నే
అవతలి ఒడ్డు కనపడని నది పక్కన పరిగెడతాను.
నదే. అయినా ఊళ్ళో అందరం సముద్రమనే అంటాం,
ఆ ఒక్క అబద్ధానికి ఇక్కడ శిక్ష లేదు.
గట్టు గోడ మీద ఎవరో సున్నంతో గీసిన గీత నుంచి
దీపస్తంభం దాకా.
మంచి రోజున ఇరవై రెండు నిమిషాల నలభై సెకన్లు.
చెడ్డ రోజుల లెక్కా ఉంది, అడగొద్దు.
పద్దు పుస్తకం వెనక పేజీల్లో రాస్తాను.
ముందు పేజీల్లో బాకీలు.

ఎవరితోనే నీ పందెం? అంటుంది మా చెల్లెలు గ్రిసెల్డా,
అరవై దగ్గరపడ్డాక పతకం ఇస్తారా ఎవరైనా?
నాతో నాకే, అంటాను
రేడియోలో డాక్టరంత గంభీరంగా.

అబద్ధం.
ఆకుపచ్చ టోపీతో.

పేరు తెలియదు. పొడుగు మనిషి,
కుడిపాదం కాస్త ఎడంగా వేస్తాడు.
చేపలు పట్టేవాళ్ళ బకెట్ల దగ్గర వెనక ఆ చప్పుడు వినిపిస్తుంది,
ఒక అడుగు గట్టిగా, ఒకటి మెత్తగా.
నేను తల తిప్పను. ఊపిరి మాత్రం దాచుకుంటాను
రొప్పుతున్నానని తెలియనివ్వకుండా.
వాడు దాటిపోయాక తిట్టుకుంటాను, ఇంపైన తిట్లు.
నేను దాటిన రోజున
షాపులో ఎవరు బేరమాడినా తగ్గిస్తాను.

పరుగెత్తి పాలు తాగొద్దంటారు.
నేను తాగేది నీళ్ళే,
దీపస్తంభం కింద కొళాయి దగ్గర, దోసిలితో,
మోచేతుల దాకా కారుతుంటే.
ఆ నీళ్ళకి రుచి ఉంది. గడియారంలో పడదు.
మలుపు తిరిగాక ఒక్కో రోజు
కాళ్ళు నావి కావనిపించే నాలుగైదు నిమిషాలూ పడవు.
అవి రమ్మంటే రావు. వచ్చినప్పుడు లెక్కపెడితే పోతాయి.

జులై చలిలో పదహారు రోజులు టోపీ రాలేదు.
గీత అక్కడే ఉంది, స్తంభం అక్కడే ఉంది.
ఇరవై నాలుగు. ఇరవై నాలుగున్నర. ఇరవై ఐదు.
గడియారం బాగానే నడిచింది,
నేనే వెనకబడ్డాను, ముందు ఎవరూ లేకుండా.

పదిహేడో రోజు కొళాయి దగ్గర నిలబడి ఉన్నాడు.
రాత్రి డ్యూటీ పడింది, అన్నాడు, నేను అడగకుండానే.
విల్మార్. లిఫ్టులు బాగుచేస్తాడట.
ఎప్పుడూ పైకీ కిందకీ పోయే పెట్టెల్లో ఉండి ఉండి
పొద్దున్నే ముందుకు పోవాలనిపిస్తుందట.
తర్వాత, చేతులు తుడుచుకుంటూ,
మార్చి నుంచి మీరు నన్ను పదకొండుసార్లు ఓడించారు, అన్నాడు.

నా పుస్తకంలో తొమ్మిది.

పదకొండు, అన్నాడు. తొమ్మిది, అన్నాను.
మలుపు దగ్గర ముందున్న రోజులూ కలిపాడు.
మలుపు మలుపే, స్తంభం స్తంభమే, అన్నాను,
ఇవి కాకిలెక్కలు, నాకొద్దు ఊరికే వచ్చే రెండు గెలుపులు.
చేపలవాళ్ళు గాలాలు వదిలేసి చూస్తున్నారు.
ఒకాయన మాటే గొట్టం నోట్లోంచి తీసి
పది అనుకోండి, పోనీ, అన్నాడు.
ఇద్దరం ఆయన మీద విరుచుకుపడ్డాం.

మర్నాడు దక్షిణపు గాలి ఒకటే పోటు.
గీత దగ్గర మీట నొక్కడం మరిచిపోయాను.
బకెట్లు దాటాక గుర్తొచ్చింది,
అప్పటికి పక్కనే గట్టిగా ఒకటి, మెత్తగా ఒకటి.
నదంతా ఎగిరి మొహాన పడుతోంది, ఉప్పో తీపో తెలియదు,
ఎందుకో నవ్వొచ్చింది, నవ్వితే ఆయాసం,
ఆయాసానికి మళ్ళీ నవ్వు.

అతనే ముందు చేరాడు.
వెంట్రుకవాసిలో, అన్నాడు మర్యాదకి.
కాదు, రెండు అంగలు, అన్నాను.

షాపులో పుస్తకం తీశాను.
తేదీ వేశాను. అంకె ఉండాల్సిన చోట
ఏం రాయాలో తోచక
ఎదురుగాలి అని రాసి
షట్టరు ఎత్తాను.